హార్ట్ బీట్ వచ్చింది సరే, మాయ ఎక్కడుంది?

నేను హన్మకొండల ఒక స్కాన్ సెంటర్ల రిపోర్టులు టైప్ చేస్త, 9 ఏండ్ల నుంచి. డాక్టర్ని కాదు, నర్సుని కాదు, చదివింది బీకాం కంప్యూటర్స్. లోపల మేడమ్ స్కాన్ చేసుకుంట చెప్తుంటది, పరదా ఇవతల నేను కొడుతుంట, పేషెంటు బట్టలు సర్దుకొని బయటికొచ్చే లోపల ప్రింటు వచ్చేయాలె, లేకుంటే బయట పర్కాల బస్సుకు టైమైతుంది, నర్సంపేట బస్సుకు టైమైతుంది అని లొల్లి.

ప్రతి స్కాన్‌కు ఒక ఫార్మాట్ ఉంటది. గర్భిణి స్కాన్‌దైతే సగం మాటలు ముందే కొట్టి పెట్టుకుంటం, బిడ్డ ఒక్కటే, గుండె కొట్టుకుంటుంది, ఉమ్మనీరు సరిపడ ఉంది, ప్లాసెంటా, అంటే మాయ, ముందు గోడకు పైభాగంల ఉంది, ఇట్ల. నంబర్లు మార్చుడే మన పని. నిజం చెప్తున్న, ఆ ప్లాసెంటా లైను మీద నా కన్ను ఎప్పుడూ ఆగేది కాదు. చేరిన కొత్తల ఒకసారి, వెనక గోడకున్న మాయను ముందు గోడకున్నట్టు పాత రిపోర్టుల ఉన్నదున్నట్టే వదిలేసిన. మేడమ్ సంతకం పెట్టేముందు చూసి ఏమీ అనలే, ఎర్ర పెన్నుతోని ఆ లైను చుట్టూ గుండ్రంగ గీసి కాయిదం నా టేబుల్ మీద పెట్టిపోయింది. సిగ్గయింది గాని, ఒక్క మాటకు ఇంత పట్టింపు ఎందుకో అప్పుడు తెల్వలే.

తెలిసింది మా అక్కతోని. మా పెద్దమ్మ బిడ్డ, పర్కాల దిక్కు ఒక ఊరికి ఇచ్చిండ్రు. ఇది రాయమన్నది తనే, పేరు మాత్రం రాయొద్దన్నది.

అక్కకు రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే. మొదటిది ముహూర్తం చూసి చేయించిండ్రు, అయ్యగారు శుక్రవారం పొద్దుగాల 10 దాటినంక మంచిగుంది అన్నడు, డాక్టర్ సరే అన్నది, నొప్పులు రానేలేదు. రెండోది ఎందుకంటే మొదటిది ఆపరేషన్ కాబట్టి. నడుమల ఒకసారి నిలవక కడుపు కడిగించుకున్నది. మా దగ్గర ఇది ఇంటింటి కథే, కొత్తేం కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లైతే తెలంగాణల 60.7, మన రాష్ట్రమే ఫస్టు. ప్రైవేట్ల అయ్యేటియే తీసుకుంటే 81.5. సర్కార్ దవాఖానల 44.5. నార్మల్ అయిందంటే చుట్టపోళ్ళు నమ్మకుంట ఫోన్ చేసి అడిగే కాలం వచ్చింది మాకు.

మూడోసారి కడుపు నిలిచింది. ఎందుకు అనేది అడగొద్దు, ఇద్దరు ఆడపిల్లలు, అత్త ఉంది, బావ చెల్లెకు ఇద్దరు కొడుకులు, మిగిలింది మీకే అర్థమైతది. ఏడు వారాలప్పుడు ఊరికి దగ్గరున్న ఒక సెంటర్ల స్కాన్ తీయించిండ్రు. హార్ట్ బీట్ వచ్చింది. ఫోన్ల అక్క గొంతుల సంతోషం వినాలె. వాట్సాప్‌ల రిపోర్టు పెట్టింది, నేనూ చూసిన, నాలుగు లైన్లు, అంతా మంచిగనే ఉంది, పిండం సంచి గర్భసంచిల ఎక్కడ కూసుంది అన్నది మాత్రం లేదు. అది లేదని కూడ నాకు అనిపించలే, 9 ఏండ్లు ఇదే పని చేసుకుంట. ఆ సెంటర్ పేరు రాయను, ఆ రోజు మా సెంటర్ల నేను కొట్టినా అదే ఫార్మాట్ కొడుతుంటి.

మే నెల ఆఖర్ల, రోహిణి కార్తె ఎండలు దంచుతున్నయ్, ఎన్టీ స్కాన్‌కు, అంటే బిడ్డ మెడ వెనక నీరు కొలిచే స్కాన్‌కు, మా దగ్గరికి రమ్మన్న, 13 వారాలు దగ్గర పడ్డయ్. గర్భిణి స్కాన్‌కు నింపాల్సిన సర్కారు కాయిదం ఫారం ఎఫ్ నేనే నింపిన, ఇదివరకు పిల్లలు ఎంతమంది, ఆడ ఎంత మగ ఎంత, అక్క గొంతు తగ్గించి చెప్పింది. లోపల మేడమ్ మొదట అడిగింది బిడ్డ సంగతి కాదు, "ఆపరేషన్లు రెండా? కడుగుడు కూడ అయిందా?" అని. తర్వాత మూత్రం పూర్తిగ పోసి రావద్దు, కొంచెం ఆపుకొని ఉండు అన్నది. మూత్రసంచి కొద్దిగ నిండి ఉంటేనే దానికీ గర్భసంచికీ నడుమ గీత మంచిగ కనవడుతదట, అక్క పాత కుట్లు ఆ గీత వెనకనే గద ఉండేది.

ఎన్టీ కొలత అయిపోయింది, ముక్కు ఎముక చెప్పింది, కొట్టిన. ఇగ వస్తదనుకుంటే రాదు. పది నిమిషాలు సప్పుడు లేదు. పరదా అవతల ఫ్యాన్ సప్పుడే. తర్వాత "లోపలి స్కాన్ చేస్తనమ్మా, భయపడకు" అన్న మాట వినవడ్డది. అక్క భయం అక్కది, లోపలికి పెడితే కడుపు పోదా అని, ఊర్ల అందరూ అనేది అదే. మేడమ్ ఓపికగ చెప్పింది, ఆ ప్రోబ్ గర్భసంచి మూతి లోపలికి పోదు, ఇవతలనే ఆగుతది, మాయ కిందున్నదా లేదా పైనుంచి చూసేదానికంటే ఇట్లనే నిజం తెలుస్తది, ప్రమాదం లేదు అని.

తర్వాత నన్ను లోపలికి పిలిచింది. అట్ల ఎన్నడూ పిలవది. "మీ అక్కేనా? ఏడు వారాల స్కాన్ ఫోటో ఉందా?" ఫైలు వెతికితే దొరికింది, మూల మీద కొంచెం తెల్లవడ్డ థర్మల్ పేపర్. మేడమ్ దాన్ని లైటు కింద పెట్టి, వేలు పెట్టి చూపెట్టింది. గర్భసంచి అంటే తలకిందులు పెట్టిన సొరకాయ బుర్ర లెక్క అనుకోండి, మామూలుగ పిండం సంచి పైన వెడల్పున్న భాగంల కూసుంటది. అక్కది కిందికి, మెడ దగ్గరికి, మూత్రసంచి దిక్కుకు, సరిగ్గ పాత కుట్ల జాగల కూసున్నది. ఫోటోల ఉన్నది. ఏడు వారాలప్పుడే ఉన్నది. చూసినోళ్ళు గుండె వంక చూసిండ్రు, కుట్ల వంక చూడలే.

ఆ తర్వాత మేడమ్ చెప్పిన ముచ్చట నాకు ఎప్పటికీ యాదుంటది. 6 నుంచి 9 వారాల నడుమ చూస్తేనే ఇది సాఫుగ కనవడుతదట. ఆ తర్వాత సంచి పెరుగుకుంట పైకి పోతది, పదకొండు పన్నెండు వారాలకు గర్భసంచి మొత్తం నిండుతది, బిడ్డ పైన మంచిగ ఆడుకుంటుంటది, చూసినోళ్ళకు అంతా మామూలుగనే అనిపిస్తది, మాయ మాత్రం ఎక్కడ వేరు పెట్టిందో అక్కడనే ఉంటది. అక్కకు ఆ కిటికీ మూసుకున్నంక వచ్చినం మేము, కాని పూర్తిగ ఆలస్యం గాలే.

అసలేందీ రోగం అంటే, రోగం కూడ కాదు. మాయకూ గర్భసంచి కండకూ నడుమ ఒక మెత్తటి పొర ఉంటది, కాన్పు అయినంక మాయ ఆ పొర దగ్గర ఊడి పడుతది. కుట్లు పడ్డ కాడ ఆ పొర సరిగ్గ ఉండది, మాయ వేర్లు సీదా కండలకు పోతయ్. మా పెద్దమ్మకు చెప్పుడు నా వశం గాలే, చివరికి కోట కాడ రాళ్ళ సందుల మొలిచిన రావిమొక్క లెక్క అన్న, పీకితే మొక్క రాదు, రాయి కదులుతది. అప్పుడు అర్థమైంది ఆమెకు. కండ మీది వరకే అతుక్కుంటే అక్రీటా, కండ లోపలికి పోతే ఇంక్రీటా, కండ దాటి అవతలి మూత్రసంచి దాకా పోతే పర్క్రీటా అంటరు. మూడింటినీ కలిపి ఇప్పుడు అక్రీటా స్పెక్ట్రమ్ అని రాస్తున్నరు, ఆ మాట నేను ఇదివరకు కూడ కొట్టిన, స్పెల్లింగ్ చూసుకొని కొట్టిన అంతే.

తెల్వక కాన్పు చేసి మాయను గుంజితే ఏమైతది? నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాటి రక్తం పోతుంటది. మనిషి ఒంట్ల మొత్తం ఉండేదే 5 లీటర్ల చిల్లర. లెక్క మీరే వేసుకోండి, రక్తం కొరకు స్లిప్పు రాసి చుట్టపోళ్ళను బ్లడ్ బ్యాంకుకు ఉరికిస్తే ఎంత టైం పడుతదో కూడ వేసుకోండి.

పెద్దమ్మ ఇది విన్నంక కొద్దిసేపు మాట్లాడలే. వాళ్ళ చిన్నమ్మ అట్లనే పోయిందట, ఇంట్ల కాన్పు, పిల్ల పుట్టింది, మాయ పడలే. మంత్రసాని పొద్దు మునిగేదాక కూసున్నదట. అప్పట్ల కాన్పయిందంటే పిల్లనా పిల్లగాడా అని అడిగినంక రెండో మాట "మాయ పడ్డదా" అనేనట, అది పడ్డదాక మంత్రసాని లేచేది కాదు, పడ్డంక తిప్పి తిప్పి చూసేది ముక్క ఏమన్న మిగిలిందా అని. ఇప్పుడు ఎవరూ ఆ మాటే అడగరు. హార్ట్ బీట్ వచ్చిందా, బరువెంత, ఎప్పుడు తీస్తరు, ఇంతే మన ప్రశ్నలు. మా సెంటర్ల రోజుకు ఎంతమంది వస్తరో, మాయ ఎట్లుంది మేడమ్ అని అడిగిన మనిషిని నేను 9 ఏండ్లల చూడలే.

ఆ రోజు రిపోర్టు కొట్టుడు నాతోని కాలే. ఫార్మాట్ల ప్లాసెంటా లైను పూర్తిగ చెరిపేసి కొత్తగ రాయాలె, మాయ కింద, ముందు గోడకు, పాత కుట్ల మీదికెళ్ళి, గర్భసంచి మూతిని కప్పి ఉంది, ముందు కండ బాగ పలుచగ అయింది, మాయలో అక్కడక్కడ నల్లటి గుంటలు. వాటిని లాక్యూనే అంటరు, రక్తం నిండిన గుంటలు, చూస్తే చెదలు తిన్న కట్టె లెక్క ఉంటయ్. "అనుమానం" అనే మాట కొట్టెటప్పుడు రెండుసార్లు తప్పు కొట్టిన.

హైదరాబాద్ పొమ్మన్నది మేడమ్. అక్కడ పిండం డాక్టర్ దాదాపు గంట కూసోబెట్టి మాట్లాడింది, దాచకుంట. ఇప్పుడు తీసేయొచ్చు, చట్టం ఒప్పుకుంటది, గాని ఈ జాగల ఉన్నదాన్ని తీసుడు కూడ మామూలు కడుగుడు కాదు, ఆపరేషన్ థియేటర్ల రక్తం పెట్టుకొని చేసేది. ఏడు వారాలప్పుడే తెలిసి ఉంటే తీసుడు ఇంతకంటే సులువైతుండె, చాలామంది డాక్టర్లు అప్పుడే తీయించుకొమ్మంటరు కూడ. ఉంచుకుంటే బిడ్డ దక్కే అవకాశం బాగనే ఉంది, గర్భసంచి పోతది, నీ పానానికి రిస్కు ఉంది, ఆ రిస్కును తగ్గించుడు మా పని. బావ కారుల జనగామ వచ్చేదాక ఒక్క మాట మాట్లాడలే. జనగామ కాడ చాయ్ తాగెటప్పుడు "నువ్వే చెప్పు, మా అమ్మ మాట వినకు" అన్నడు అక్కతోని. ఆ మాటకు నేను బావను ఇప్పటికీ మెచ్చుకుంట. అక్క ఉంచుకుంట అన్నది.

ఇక్కడ ఒక నంబర్ రాయాలె. 2006ల అమెరికాల 30 వేల మందికి పైగ సిజేరియన్ అయిన ఆడోళ్ళ లెక్కలు చూసి రాసిన పరిశోధన ఉంది, ఇప్పటికీ డాక్టర్లు దాన్నే చెప్తరు. మాయ కిందికొచ్చి మూతిని కప్పినోళ్ళల్ల, ఇదివరకు ఆపరేషన్ లేకుంటే నూటికి 3 మందికి ఇట్ల అతుక్కుంటది, ఒకటి అయి ఉంటే 11, రెండు అయి ఉంటే 40, మూడు అయి ఉంటే 61. మూడు నుంచి నలభై. మొదటి ముహూర్తం పెట్టించుకున్నప్పుడు ఎవరన్న ఈ లెక్క చెప్తరా? అయ్యగారు చెప్పడు సరే.

అట్లని మాయ కిందుంది అని రాయంగనే గుండెలు బాదుకోవద్దు. ఇది నేను గట్టిగ చెప్తున్న, ఎందుకంటే టిఫా, అంటే ఐదో నెలల బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్, ఆ రిపోర్టు పట్టుకొని కౌంటర్ కాడ ఏడ్చెటోళ్ళను చూస్త. 20 వారాలప్పుడు మాయ కిందున్నోళ్ళల్ల 10ల 9 మందికి నెలలు నిండే వరకు గర్భసంచి పెరిగి మాయ పైకి జరుగుతది. భయం ఎవరికంటే, పాత కుట్లు ఉండి, ముందు గోడకు మాయ ఉండి, అది ఆ కుట్ల మీదనే కూసున్నోళ్ళకు. ఆపరేషన్ ఒక్కటే కాదు, గర్భసంచిల గడ్డలు తీయించుకున్నోళ్ళు, కడుగుడు అయినోళ్ళు, ఐవీఎఫ్‌తోని నిలిచినోళ్ళు కూడ చెప్పుకోవాలె. మనోళ్ళు పాత అబార్షన్ అత్తకు తెలుస్తదని స్కాన్ కాడ దాస్తరు. అత్తను బయట కూసోబెట్టమని మాకు చెప్పండి, కూసోబెడుతం, ఆ పని మాకు అలవాటే.

జూలైల టిఫా. ఈసారి అనుమానం పోయింది, ఖాయమైంది. మాయ వెనక సన్నటి నల్ల గీత ఉంటది మామూలుగ, అక్కకు అది లేదు. మూత్రసంచి గోడ తెల్లటి గీత నడుమ నడుమ తెగింది. రక్తం పారుడు రంగులల్ల చూపెట్టే డాప్లర్ పెడితే మాయకెళ్ళి మూత్రసంచి దిక్కు రక్తనాళాలు అడ్డంగ పారుతున్నయ్, ఎర్రగ నీలంగ. ఎమ్మారై కూడ తీసిండ్రు తర్వాత, లోతు ఎంతుందో ఇంకోసారి చూసుకునేదానికి. మేడమ్ అన్నది, స్కాన్ చేసే చెయ్యి అలవాటున్నదైతే చాలామందికి స్కానే సరిపోతది, మాయ వెనక గోడకుంటే మాత్రం స్కాన్‌కు సరిగ్గ దొరకదు, అప్పుడు ఎమ్మారై పనికొస్తది, అట్లని స్కాన్ల ఏం లేదు అంటే నూటికి నూరు ఏం లేనట్టూ కాదు.

ఇగ మిగతాది తయారీ. రక్తం పెరగాలె, అక్కకు హిమోగ్లోబిన్ 9 కాడ ఉండె, ఐరన్ సెలైన్లు ఎక్కించిండ్రు. 30 వారాల నుంచి హైదరాబాద్‌ల దవాఖానకు దగ్గర రూం కిరాయికి తీసుకున్నరు, ఎందుకంటే రాత్రి పూట బ్లీడింగ్ మొదలైతే పర్కాల నుంచి పోయే దూరం కాదు. సద్దుల బతుకమ్మ రోజు అక్క ఆ రూంల మంచం మీద పండుకొని వీడియో కాల్‌ల మా వాడకట్టు బతుకమ్మలు చూసింది, పెద్దది చేయి పెద్దది చేయి అని నా మీద ఒర్రింది, తంగేడు తక్కువైందని మొకం మాడ్చుకుంది. పిల్లలిద్దరు మా దగ్గర. చిన్నది రోజూ అడిగేది, అమ్మ కడుపుల చెట్టు మొలిచిందట గద అని. నా రావిమొక్క ముచ్చట విన్నది అది.

నొప్పులు వచ్చేదాక ఆగరు దీనికి. 34 నుంచి 36 వారాల నడుమ తీసేస్తరు, నొప్పులొచ్చి మూతి తెరుచుకుంటే రక్తం ఆగదు. బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజక్షన్లు ముందే ఇచ్చిండ్రు. దసరా అయినంక, 35 వారాలకు డేటు. ఈసారి ముహూర్తం ఎవరూ అడగలే, బ్లడ్ బ్యాంకు రెడీ అన్న టైమే ముహూర్తం. బావ దోస్తులు బొలెరోల ఎనిమిది మంది పోయిండ్రు రక్తమిచ్చేదానికి, వాళ్ళల్ల ఒకడు సూది చూసి పడిపోయిండు, వాని ముచ్చట ఇప్పటికీ ఊర్ల నడుస్తుంది.

ఆపరేషన్ థియేటర్ల కాన్పు డాక్టర్లు, మూత్రసంచి డాక్టర్, మత్తు డాక్టర్లు ఇద్దరు, పిల్లల డాక్టర్. గర్భసంచిని మాయ లేని కాడ పైన కోసి బిడ్డను తీసిండ్రు, మాయను ముట్టుకోలే, అట్లనే ఉంచి కుట్లేసి గర్భసంచితో సహా మొత్తం తీసేసిండ్రు. నాలుగు గంటలు. 5 యూనిట్ల రక్తం ఎక్కింది. మూత్రసంచికి అతుక్కున్న కాడ చిన్న చిల్లు పడ్డది, కుట్టిండ్రు, రెండు వారాలు పైపు ఉంచిండ్రు, ఆ పైపు గురించి అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాసేటట్టు లేవు. అన్నీ తెలిసి, అందరు ఉండి, రక్తం ఉండి ఇంత. ఇది పర్కాల కాడ ఏదో నర్సింగ్ హోంల రాత్రి పూట ఎవరికీ తెల్వకుంట బయటపడి ఉంటే అని నేను ఆలోచన మొదలుపెడుత, పూర్తి చెయ్య.

బిడ్డ 2.2 కిలోలు, ఆరు రోజులు బాక్సుల ఉండి వచ్చింది, బిడ్డ అన్నానని ఆడపిల్ల అనుకోకండి, మా దిక్కు పిల్లగాండ్లనూ బిడ్డా అనే పిలుస్తం. ఆడనా మగనా నేను చెప్ప. నేను పనిచేసేకాడ గోడ మీద పెద్ద బోర్డుంది.

మా సెంటర్ల ఫార్మాట్ మారింది. అక్క మూడో నెల స్నానం అయినంక ఒక రోజు మేడమే పక్కన కుర్చీ వేసుకొని కూసొని మార్పించింది. ప్లాసెంటా లైనుల ముందే కొట్టిపెట్టిన మాటలు మొత్తం తీసేసినం, ఖాళీ ఉంచినం, అది నింపకుంట కింది లైనుకు పోవుడు లేదు అని నాతోని ఒట్టేయించుకున్నంత పని చేసింది. మొదటి స్కాన్ ఫార్మాట్ల పైననే ఇంకో లైను పెట్టినం, ఇదివరకు సిజేరియన్ ఉందా, ఉంటే సంచి ఎక్కడుంది, కుట్లకు ఎంత దూరం, మూత్రసంచికీ సంచికీ నడుమ కండ ఎన్ని మిల్లీమీటర్లు. దీనితోని ఒక్కొక్క రిపోర్టుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కౌంటర్ కాడ లొల్లి ఎక్కువైంది.

నిన్న ములుగు దిక్కు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, 7 వారాలు, పోయినసారి ఆపరేషన్, చంకల రెండేండ్ల పిల్లగాడు, వెంట అత్త. అత్త బయట నన్ను ఊపిరి తీసుకోనిస్తలేదు, గుండె కొట్టుకుంటుందా లేదా అది చెప్పు ముందు, బస్సుంది మాకు అని. లోపల నుంచి మేడమ్ గొంతు వచ్చింది. హార్ట్ బీట్ ఉంది. సంచి పైన ఉంది. కుట్లకు దూరం ఉంది. కొట్టు.

కొట్టిన.